జీరో డ్రాప్ షూస్‌కి మారొచ్చా? మందపాటి సోల్, పల్చటి సోల్, ఉత్త కాళ్ళ పరుగు: మీ అనుభవాలు చెప్పండి

పరుగుబాట (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి పేరు ఇచ్చాను. ప్రాక్టీస్ అంతా నెక్లెస్ రోడ్ మీదే. కొంతకాలంగా కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పిగా ఉంటోంది. పరుగెత్తేటప్పుడు కంటే మెట్లు దిగేటప్పుడు, ఆఫీసులో చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు ఎక్కువ తెలుస్తోంది.

ఒక షూ షాపులో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వెనక నుంచి వీడియో తీసి, "మీ పాదం లోపలికి వాలుతోంది సార్, ఓవర్ ప్రొనేషన్, స్టెబిలిటీ షూ తప్పనిసరి" అన్నారు. చాలా ఖరీదు పెట్టి తీసుకున్నాను. నొప్పిలో తేడా లేదు. మా రన్నింగ్ గ్రూపులో ఒకాయన "అసలు ఆ మందపాటి మడమే నీ నొప్పికి మూలం, జీరో డ్రాప్‌కి (మడమ, ముందు భాగం ఒకే ఎత్తులో ఉండే షూకి) మారిపో" అంటున్నారు. ఇంకొకాయన "మారితే పిక్కలు పట్టేస్తాయి, హాఫ్ సంగతి మర్చిపో" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

కుషన్ ఎక్కువ ఉన్న షూస్ నిజంగా హాని చేస్తాయా? రేసుకి ముందు మారడం మంచిదేనా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

బీచ్‌రోడ్ రన్నర్ (విశాఖ)

పరుగుబాట గారూ, మీ గ్రూపులో మొదటి ఆయన చెప్పిందే నా మాట కూడా. మన పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్నాయి. వాటితో పాటు లెక్కలేనన్ని నరాల కొసలు. ఇంత ఏర్పాటు ఉన్నది నేలను తెలుసుకుంటూ నడవడానికే. దాన్ని మందపాటి రబ్బరులో పెట్టి బిగిస్తే ఆ సమాచారం మెదడుకు చేరదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా ఉత్త కాళ్ళతో మారథాన్ గెలిచాడు. సమయం 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, అప్పటికి అదే ప్రపంచంలో అత్యుత్తమం. రాళ్ళు పరిచిన రోమ్ వీధుల్లో! మన దేశంలో శివనాథ్ సింగ్ సంగతి చూడండి. ఉత్త కాళ్ళ పరుగుకు పేరుమోసిన మనిషి. 1978లో జలంధర్‌లో ఆయన నెలకొల్పిన 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డు దగ్గరికి రావడానికి తర్వాతి తరాలు దశాబ్దాలు కష్టపడ్డాయి.

హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ 2010లో 'నేచర్' పత్రికలో రాసిన పరిశోధన వెతికి చదవండి. చిన్నప్పటి నుంచి ఉత్త కాళ్ళతో పరుగెత్తేవాళ్ళు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతారు, అప్పుడు నేల తాకగానే కాల్లోకి వచ్చే ఆ మొదటి కుదుపు దాదాపు కనబడదు. బూట్లు వేసుకుని మడమ మీద దిగేవాళ్ళలో ఆ కుదుపు గ్రాఫులో కొండలా కనిపిస్తుంది.

నేను ఆటు సమయంలో ఆర్కే బీచ్ తడి ఇసుక మీద ఉత్త కాళ్ళతో, రోడ్డు మీద పల్చటి సోల్‌తో పరుగెత్తుతాను. మోకాళ్ళు హాయిగా ఉన్నాయి. మారండి.

పోర్ట్‌లాండ్ తెలుగువాడు

బీచ్‌రోడ్ గారి ఉత్సాహం నాకు నచ్చింది. కానీ బికిలా కథలో సగమే చెప్పారు. రోమ్‌లో ఆయనకు ఇచ్చిన బూట్లు కాలికి సరిపడలేదు. ఉత్త కాళ్ళతో ప్రాక్టీస్ ఉంది కాబట్టి అలాగే దిగాడు. నాలుగేళ్ళ తర్వాత టోక్యోలో అదే బికిలా బూట్లు వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచాడు. అంతకు కొన్ని వారాల ముందే అపెండిక్స్ ఆపరేషన్ అయింది కూడా. దీన్నిబట్టి బూట్లే గొప్పవని నేను అనను. ఒక మనిషి గెలుపును బట్టి పాదరక్షల సిద్ధాంతం కట్టడం కష్టమని మాత్రం అంటాను.

నేను ఉండేది ఓరెగన్‌లో. ఇక్కడ షూ కంపెనీల చరిత్ర ఊళ్ళోవాళ్ళ కబుర్లలో భాగం, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

1960ల వరకు పరుగు బూట్లంటే సన్నటి రబ్బరు అట్ట, పైన తోలో కాన్వాసో, అంతే. యూనివర్సిటీ ఆఫ్ ఓరెగన్ కోచ్ బిల్ బవర్‌మన్ న్యూజిలాండ్ వెళ్ళి, ఆర్థర్ లిడియార్డ్ అక్కడి మామూలు జనాన్ని, నడివయసు వాళ్ళను కూడా జాగింగ్ చేయించడం చూసి ఆ అలవాటును అమెరికాకు తెచ్చాడు. అప్పటిదాకా పరుగు అథ్లెట్ల పని. ఆ తర్వాత ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళు కూడా రోడ్డెక్కారు. వాళ్ళ కాళ్ళు అలవాటులేనివి, నేల గట్టిది. వాళ్ళ కోసం బవర్‌మన్ మడమ కింద మెత్తటి పొర పెట్టించాడు. 1972లో వచ్చిన నైకీ కోర్టెజ్ షూ ఆ బాపతు. ఇంట్లో వాఫుల్ వేసే పెనంలో రబ్బరు పోసి గళ్ళ సోల్ తయారు చేసిందీ ఆయనే.

70ల నడుమ ఈవీఏ ఫోమ్ వచ్చింది. తేలిక, మెత్తన, చవక. దాంతో మడమ ఎత్తు పెరుగుతూ పోయింది. జాగింగ్ చేసేవాళ్ళు పెరిగేకొద్దీ గాయాలూ పెరిగాయి. డాక్టర్లు, బూట్ల కంపెనీలు కలిసి కారణం వెతికితే దొరికిన దోషి ప్రొనేషన్, అంటే పాదం లోపలికి వాలడం. 80లలో లోపలివైపు గట్టి ఫోమ్ ముక్క పెట్టిన స్టెబిలిటీ, మోషన్ కంట్రోల్ షూస్ వచ్చాయి. సోల్‌లో గాలి సంచి పెట్టే ఎయిర్, జెల్ పెట్టే రకాలు కూడా ఆ దశాబ్దంలోనే ఊపందుకున్నాయి. పరుగుబాట గారికి షాపులో చెప్పిన మాట సరిగ్గా ఆ కాలం నాటిది. తడి పాదం ముద్ర చూసి షూ ఎంచే పద్ధతిని అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్లు తమ రిక్రూట్ల మీద పరీక్షించాయి. పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఇచ్చినా, అందరికీ ఒకే రకం ఇచ్చినా గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మినిమలిస్ట్ ఉద్యమానికి, అంటే కుషన్ తగ్గించి ఉత్త కాళ్ళకు దగ్గరగా ఉండే షూస్ వేసుకోమనే వాదానికి, బీజం కూడా ఒక విధంగా ఇక్కడి వాళ్ళ చేతుల మీదుగానే పడింది. స్టాన్‌ఫర్డ్ కోచ్ తన అథ్లెట్లను గోల్ఫ్ పచ్చిక మీద ఉత్త కాళ్ళతో పరుగెత్తించడం మా ఓరెగన్ కంపెనీ నైకీ వాళ్ళు చూశారు. దాన్నుంచే వంగే సోల్ ఉన్న 'ఫ్రీ' అనే షూ పుట్టింది. ఇటలీలో రాబర్ట్ ఫ్లిరి అనే డిజైనర్ ఆలోచనతో విబ్రమ్ వాళ్ళు అయిదు వేళ్ళకు అయిదు అరలున్న ఫైవ్‌ఫింగర్స్ తెచ్చారు. మొదట అది పడవల మీద, రాళ్ళ మీద నడిచేవాళ్ళ కోసం. 2009లో క్రిస్టొఫర్ మెక్‌డూగల్ పుస్తకం 'బార్న్ టు రన్' వచ్చింది. మెక్సికో కాపర్ కాన్యన్‌లో ఉండే రారామురి ప్రజలు పాత టైరు ముక్కలు, తోలు పట్టీలతో చేసిన చెప్పులు వేసుకుని కొండల్లో మైళ్ళకు మైళ్ళు పరుగెత్తుతారని అది లోకానికి చెప్పింది. మరుసటి ఏడాదే లీబర్‌మన్ పేపర్. ఆ రెండూ కలిసి దుకాణాల రూపురేఖలే మార్చేశాయి.

2012లో విబ్రమ్ మీద అమెరికాలో దావా పడింది. పాదం కండరాలు బలపడతాయి, గాయాలు తగ్గుతాయి అని రుజువు లేకుండా ప్రచారం చేశారన్నది ఆరోపణ. 2014లో తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నారు. అప్పటికే గాలి మళ్ళింది. ఫ్రాన్స్‌లో మొదలైన హోకా కంపెనీ లావుపాటి సోల్ జనం కాళ్ళకు ఎక్కడం మొదలైంది.

ఫిజియో గుంటూరు

పరుగుబాట గారూ, ముందు మీ నొప్పి సంగతి. మీరు చెప్పిన లక్షణాలు మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరిగినప్పుడు వచ్చే నొప్పికి సరిపోతున్నాయి. రన్నర్లలో అతి మామూలు సమస్య ఇది. అయినా చూడకుండా ఖాయంగా చెప్పడం సరికాదు, దగ్గర్లో ఎవరికైనా చూపించండి. మోకాలు వాచినా, మడిచినప్పుడు పట్టేసినా ఆలస్యం చేయొద్దు.

ఇప్పుడు షూస్. ఈ చర్చలో నేను పట్టుబట్టి చెప్పాలనుకున్నది ఒక్కటే. ఏ షూ కూడా పరుగు భారాన్ని మాయం చేయదు. ఒక గదిలోని సామానును ఇంకో గదిలోకి సర్దినట్టు, భారాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తుంది. మడమ ఎత్తుగా ఉండి, మడమ మీద దిగేవాళ్ళలో మోకాలి పని ఎక్కువ. మడమ ఎత్తు తగ్గించి ముందు పాదం మీద దిగితే మోకాలికి కొంత విశ్రాంతి, ఆ మేరకు పిక్కకు, దాన్ని మడమకు కలిపే అకిలిస్ టెండన్‌కు, వేళ్ళ వెనకుండే పొడవాటి ఎముకలకు పని పెరుగుతుంది. బీచ్‌రోడ్ గారి మోకాళ్ళు హాయిగా ఉన్నాయంటే నమ్ముతాను. ఆయన పిక్కలు ఏళ్ళ తరబడి ఆ పనికి తయారై ఉంటాయి. మీవి తయారు కాలేదు.

అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో ప్రచురించిన అధ్యయనంలో అనుభవమున్న రన్నర్లు కొందరిని 10 వారాల్లో మెల్లగా ఫైవ్‌ఫింగర్స్‌కి మార్చి, ముందూ తర్వాతా పాదాలకు ఎమ్మారై తీశారు. మారినవాళ్ళలో సగానికి పైగా ఎముకల లోపల వాపు పెరిగింది. అది స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు (పదేపదే భారం పడి ఎముక చిట్లడానికి) ముందు మెట్టు. మామూలు షూస్‌లో కొనసాగినవాళ్ళలో అలా జరగడం అరుదు.

కాబట్టి రేసుకి ముందు మారొద్దు. ఇప్పుడున్న షూస్‌తోనే అడుగుల వేగం కొంచెం పెంచండి. నిమిషానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో మీ వాచీ చూపిస్తుంది. దానికి 5 నుంచి 10 శాతం కలపండి, స్పీడు మాత్రం పెంచకండి. అడుగు పొట్టిదవుతుంది, పాదం శరీరానికి దగ్గరగా పడుతుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. షూ మార్చకుండానే వచ్చే లాభం ఇది.

పాదం లోపలికి వాలడం గురించి భయపడకండి. దిగిన ప్రతిసారీ పాదం కొంత వాలడం సహజం, తాకిడిని సర్దుకునే పద్ధతుల్లో అదొకటి. డెన్మార్క్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 927 మందికి అందరికీ ఒకే రకం మామూలు షూస్ ఇచ్చి ఏడాది పాటు చూశారు. పాదం వాలేవాళ్ళకు గాయాలు ఎక్కువేం కాలేదు.

బీచ్‌రోడ్ రన్నర్ (విశాఖ)

మేడమ్, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. ఆ ఎమ్మారై అధ్యయనం చూపించింది తొందరపాటు ఫలితం. ఏళ్ళ తరబడి మెత్తటి బూట్లలో ఉన్న పాదాన్ని 10 వారాల్లో మార్చేస్తే ఎముక ఎదురు తిరగదా? ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుంది. తప్పు పల్చటి సోల్‌ది కాదు, గడువుది.

ఫిజియో గుంటూరు

అందులో సగం ఒప్పుకుంటాను. అదే బృందంలోని పరిశోధకురాలు సారా రిడ్జ్ 2019లో ఇంకో అధ్యయనం ప్రచురించారు. మినిమలిస్ట్ షూస్‌తో పరుగు కాదు, రోజూ నడక మాత్రమే. 8 వారాల్లో పాదం కండరాలు లావెక్కాయి, బలపడ్డాయి. పాదానికి ప్రత్యేకంగా వ్యాయామాలు చేసినవాళ్ళతో సమానంగా! అంటే మీ ఉద్యమం అడిగిన ప్రశ్న సరైనదే. పాదానికి పని చెప్పాలి. ఆ పని నడకతో మొదలవ్వాలి.

ఒప్పుకోని సగం కూడా చెబుతాను. అందరికీ ముందు పాదం మీద దిగడమే సహజమన్న మాట నిలబడలేదు. ఉత్తర కెన్యాలో దాసనాచ్ అనే ప్రజలు పుట్టుక నుంచీ ఉత్త కాళ్ళవాళ్ళే. 2013లో వాళ్ళను పరీక్షిస్తే, తమకు నచ్చిన వేగంలో పరుగెత్తినప్పుడు 72 శాతం అడుగులు మడమ మీదే పడ్డాయి. వేగం పెంచినప్పుడు మడమ మీద దిగడం తగ్గింది. లీబర్‌మన్ బృందం కూడా తమ పేపర్ గాయాల గురించి కాదని, ఎవరు ఎలా పరుగెత్తాలో తాము చెప్పలేదని స్పష్టంగానే ప్రకటించింది. మధ్యలో ప్రచారం చేసినవాళ్ళు ఆ మాట మింగేశారు.

తడ లాస్టింగ్ లైన్

నేను తడ దగ్గర స్పోర్ట్స్ షూస్ ఫ్యాక్టరీలో పని చేస్తాను. చెన్నై హైవే మీద పొద్దున షిఫ్ట్ బస్సులు చూసినవాళ్ళకు తెలుసు, మా వైపు ఊళ్ళల్లో ఎంతమంది ఆడపిల్లలు ఈ పని చేస్తారో. మీరందరూ షూ గురించి వైద్యం వైపు నుంచి మాట్లాడుతున్నారు, తయారీ వైపు నుంచి నేను కొంచెం చెబుతాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. జీరో డ్రాప్ అంటే పల్చటి సోల్ అనుకుంటున్నారు చాలామంది. రెండూ వేరు వేరు కొలతలు. మడమ కింద ఎంత మందం, వేళ్ళ వెనక గుండ్రటి భాగం కింద ఎంత మందం అన్నది స్టాక్ హైట్. ఆ రెంటికీ తేడా డ్రాప్. మడమ దగ్గర 32 మిల్లీమీటర్లు, ముందు 22 ఉంటే డ్రాప్ 10. రెండు చోట్లా 25 ఉంటే డ్రాప్ సున్నా, కానీ కుషన్ బోలెడు. ఆల్ట్రా కంపెనీ మోడల్స్ చాలా వరకు అలాంటివే. అమెరికాలో యూటా రాష్ట్రంలో కుటుంబం నడిపే షూ షాపులో పనిచేసిన కుర్రాడు, మామూలు షూస్ సోల్‌ను ఓవెన్‌లో వేడి చేసి ఊడదీసి, మడమ కింద ఎక్కువ ఉన్న ఫోమ్ తీసేసి మళ్ళీ అతికించడంతో ఆ కంపెనీ మొదలైంది. హోకా వాళ్ళది లావుపాటి సోల్, కానీ డ్రాప్ చాలా మోడల్స్‌లో 4, 5 మిల్లీమీటర్లే. అందుకే "మందం మంచిదా, పల్చన మంచిదా" అని అడిగేటప్పుడు ఏ కొలత గురించి అడుగుతున్నారో చూసుకోండి.

రెండోది లాస్ట్. పాదం ఆకారంలో ఉండే ప్లాస్టిక్ అచ్చు అది. పైభాగం గుడ్డను కుట్టి, కింద స్ట్రోబెల్ కుట్టుతో సాక్సులా మూసి, లాస్ట్ మీదికి లాగుతాం. తర్వాత జిగురు రాసి, వేడిలో నడిపించి, సోల్ మీద పెట్టి ప్రెస్ చేస్తాం. మీ వేళ్ళకు చోటు ఉంటుందా లేదా అన్నది ఆ లాస్ట్ నిర్ణయిస్తుంది. ఫోమ్ ఎంత గొప్పదైనా లాస్ట్ ముందు భాగం కోసుగా ఉంటే చిటికెనవేలు నలగాల్సిందే. మినిమలిస్ట్ ఉద్యమం వల్ల జరిగిన నిజమైన మేలు ఏంటని నన్నడిగితే, వెడల్పు ముందు భాగం ఉన్న లాస్ట్‌లు మార్కెట్లోకి రావడం అంటాను. దాని గురించి ఎవరూ మాట్లాడరు, అందరూ డ్రాప్ గురించే వాదించుకుంటారు.

మూడోది ఫోమ్. ఈవీఏను అచ్చులో పోసి వేడి చేసి, అచ్చు తెరవగానే అది పొంగి అచ్చుకంటే పెద్దదవుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు ఆశ్చర్యపోతారు. తర్వాత 2013లో అడిడాస్ బూస్ట్ వచ్చింది. టీపీయూ అనే సాగే ప్లాస్టిక్ గింజలను పేలాల్లా పొంగించి, ఆవిరితో అతికిస్తారు. ఇప్పుడు రేసు షూస్‌లో ఎక్కువగా వాడే ఫోమ్ నైలాన్ జాతి ప్లాస్టిక్. అది పుచ్చుకున్న శక్తిలో ఎక్కువ భాగం తిరిగి ఇస్తుంది. మెత్తగా ఉండటం వేరు, తిరిగి తన్నడం వేరు. షాపులో బొటనవేలితో నొక్కి చూస్తే రెండోది తెలియదు.

పరుగుబాట (హైదరాబాద్)

తడ అన్నా, ఇన్నేళ్ళలో డ్రాప్, స్టాక్ తేడా నాకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. ధన్యవాదాలు. ఫిజియో మేడమ్, అడుగుల వేగం పెంచి చూస్తాను.

రేసు షూస్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా గ్రూపులో హాఫ్ రెండు గంటలు దాటేవాళ్ళు కూడా కార్బన్ ప్లేట్ షూస్ కొంటున్నారు. లోపల స్ప్రింగ్ లాంటిది ఉంటుందట కదా?

పోర్ట్‌లాండ్ తెలుగువాడు

స్ప్రింగ్ అనడం సరికాదు. 2017లో నైకీ వేపర్‌ఫ్లై వచ్చినప్పుడు, కొలరాడోలో పరీక్షిస్తే అప్పటి మేటి రేసు షూస్ కంటే సగటున 4 శాతం తక్కువ శక్తితో అదే వేగం సాధ్యమైంది. అందరి చూపూ కార్బన్ ప్లేట్ మీద పడింది. తర్వాత కొందరు పరిశోధకులు ఆ ప్లేట్‌ను రంపంతో అడ్డంగా కోసి, మళ్ళీ పరుగెత్తించి చూశారు. శక్తి ఖర్చులో పెద్ద తేడా లేదు! అంటే ఆ లాభంలో సింహభాగం తడ అన్న చెప్పిన ఫోమ్‌దీ, దాని తేలికదనానిదీ. ప్లేట్ ఆ మెత్తటి ఫోమ్‌ను అటూ ఇటూ పోకుండా పట్టి ఉంచుతుంది.

పోటీ ఎక్కడిదాకా పోయిందంటే, 2020 జనవరిలో వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు రేసు షూస్‌కి సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని, గట్టి ప్లేట్ ఒక్కటే ఉండాలని నియమం పెట్టింది. ఉత్త కాళ్ళతో పరుగెత్తమన్న పుస్తకం వచ్చిన పదేళ్ళకే సోల్‌కి గరిష్ఠ మందం నిర్ణయించాల్సి రావడం ఈ చరిత్రలో నన్ను బాగా ఆలోచింపజేసే విషయం. 2023 బెర్లిన్‌లో టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లతో రికార్డు కొట్టినప్పుడు వేసుకున్న అడిడాస్ షూ బరువు 138 గ్రాములు. సోల్ లావుగా ఉన్నా బరువు ఉత్త కాళ్ళకు దగ్గరగా వచ్చింది.

కాలికి 100 గ్రాముల బరువు పెరిగితే శక్తి ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుంది. అందుకే ఒకప్పుడు ఉత్త కాళ్ళే మేలనేవారు. కానీ తేలికపాటి కుషన్ షూస్‌తో పోలిస్తే ఉత్త కాళ్ళకు శక్తి ఆదా ఏమీ లేదని 2012లోనే తేలింది. కుషన్ లేకపోతే ఆ పని కండరాలే చేయాలి మరి.

కార్బన్ ప్లేట్ షూస్ కొనడం గురించి: రేసు రోజు సరదాకు వేసుకుంటే తప్పులేదు, రోజువారీ ప్రాక్టీస్‌కు అంత డబ్బు తగలెయ్యకండి.

కోరుట్ల కుర్రాడు

అన్నలూ, అక్కలూ, నేను కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్న. 1600 మీటర్ల కోసం పొద్దున్నే కాలేజీ గ్రౌండ్‌లో పరుగెత్తుతం. మా బ్యాచ్‌లో సగం మంది ఉత్త కాళ్ళే, మట్టి గ్రౌండ్ కాబట్టి. షూస్ కొనే స్తోమత కూడా అందరికీ లేదు. మొన్న అయ్యప్ప మాల వేసుకున్న, మండలం అంతా చెప్పుల్లేకుండనే తిరిగిన. అరికాళ్ళు బాగా గట్టిపడ్డయ్. ఇట్లనే కంటిన్యూ చేస్తే మంచిదేనా? చర్మం మందమైతే స్పర్శ పోతదని మా మామ అంటున్నడు.

బీచ్‌రోడ్ రన్నర్ (విశాఖ)

తమ్ముడూ, మీ మామ గారి అనుమానం తీరిపోయే పరిశోధన ఉంది. 2019లో 'నేచర్'లోనే వచ్చింది. కెన్యాలో, అమెరికాలో మనుషుల అరికాళ్ళు కొలిచారు. చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళ చర్మం మందంగా ఉంది, అయినా స్పర్శ తగ్గలేదు. గట్టి చర్మం కాబట్టి నేల ఒత్తిడిని లోపలి నరాలకు చేరవేస్తుంది. మెత్తటి షూ సోల్ ఆ పని చేయదు. ప్రకృతి ఇచ్చిన ఈ సోల్ కంటే మంచిది ఏ కంపెనీ చేయలేదు!

మీ గ్రౌండ్ బాగుంటే ధైర్యంగా కొనసాగించు. పరుగు మొదలుపెట్టే ముందు ట్రాక్ ఒక చుట్టు నడిచి, గాజు పెంకులు, తుమ్మ ముళ్ళు ఏరేయండి. మా బీచ్‌లో నేనూ ముందు అదే చేస్తాను.

ఫిజియో గుంటూరు

తమ్ముడూ, బీచ్‌రోడ్ గారు చెప్పింది నిజమే, ఇంకొన్ని కలుపుతాను. మాలలో చేసింది నడక. నడక వల్ల చర్మం గట్టిపడుతుంది, ఎముకలు, టెండన్లు పరుగుకు సిద్ధపడటానికి అది చాలదు. నువ్వు చిన్నప్పటి నుంచి అలాగే పరుగెత్తి ఉంటే సరే, లేకపోతే దూరం మెల్లగా పెంచు. పిక్క పట్టేస్తే ఆ రోజు ఆపెయ్. ధనుర్వాతం ఇంజెక్షన్ గడువులో ఉందో లేదో చూసుకో. మలవిసర్జన చేసే చోట్ల ఉత్త కాళ్ళతో తిరగొద్దు, కొంకి పురుగులు అరికాలి చర్మం గుండానే లోపలికి వెళ్తాయి. ఈవెంట్ రోజు ట్రాక్ సింథటిక్ అయినా, సిమెంట్ అంచులున్నా పరిస్థితి మారుతుంది. అక్కడ ఏ పాదంతో పరుగెత్తాలనుకుంటున్నావో దాంతోనే చివరి నెల ప్రాక్టీస్ చెయ్.

ఈ చర్చ చదివి ఇంట్లో పెద్దవాళ్ళను పార్కులో చెప్పులు విప్పి నడవమని చెప్పేవాళ్ళు ఉంటారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. షుగర్ వల్ల పాదాల్లో తిమ్మిరి ఉన్నవాళ్ళు ఉత్త కాళ్ళతో ఎక్కడా నడవకూడదు, ఇంట్లో కూడా. ముల్లు గుచ్చుకున్నా వాళ్ళకు తెలియదు, పుండు పడితే కాలు పోయే ప్రమాదం ఉంది. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల స్పర్శలేని పాదాలను కాపాడటానికి మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు చేయించారు. మన ఊళ్ళల్లో ఎంసీఆర్ చెప్పులని అమ్మేవి అవే. ఉత్త కాళ్ళ వాదమంతా పాదానికి స్పర్శ ఉందన్న దాని మీద నిలబడింది. ఆ స్పర్శే లేనివాళ్ళకు ఆ వాదం వర్తించదు.

సత్యవతి (రాజమండ్రి)

నేను రన్నర్‌ని కాదు, మా ఆయన చదువుతుంటే చూశాను. మా పాపకు ఏడేళ్ళు, రోజంతా స్కూల్లో నల్ల బూట్లే. సాయంత్రం విప్పితే వేళ్ళు ఒకదాని మీద ఒకటి ముడుచుకుని ఉంటాయి. పాదం చదునుగా ఉందని మా అత్తగారు ఇంకా గట్టి బూట్లు కొనమంటున్నారు. ఏం చేయాలి?

ఫిజియో గుంటూరు

సత్యవతి గారూ, మీ ప్రశ్నకు మన దగ్గరే చేసిన పరిశోధన ఉంది. కర్ణాటకలో రావు, జోసెఫ్ అనే ఇద్దరు ఎముకల డాక్టర్లు 4 నుంచి 13 ఏళ్ళ పిల్లలు 2300 మంది పాదముద్రలు తీసుకుని 1992లో ప్రచురించారు. బూట్లు, చెప్పులు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదం, ఉత్త కాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం మందికే. అందులోనూ ముందు మూసి ఉండే బూట్లు వేసుకునేవాళ్ళలో ఎక్కువ, చెప్పులు వేసుకునేవాళ్ళలో తక్కువ. మినిమలిస్ట్ ఉద్యమం ఇంకా పుట్టకముందే, ఏ కంపెనీ ప్రయోజనమూ లేకుండా చేసిన పని ఇది. నాకు చాలా గౌరవం.

చిన్నపిల్లల్లో పాదం చదునుగా ఉండటం మామూలే, చాలామందికి పెరిగేకొద్దీ వంపు వస్తుంది. నొప్పి లేకపోతే, మునివేళ్ళ మీద నిలబడినప్పుడు వంపు కనబడుతుంటే కంగారు పడకండి. వేళ్ళు కదిలేంత చోటు ఉన్న బూట్లు కొనండి. ఇంటికి రాగానే విప్పించి, శుభ్రంగా ఉన్న చోట ఉత్త కాళ్ళతో ఆడుకోనివ్వండి. నొప్పి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించండి.

పోర్ట్‌లాండ్ తెలుగువాడు

యూరప్ పరిశోధకులు దక్షిణ భారతదేశానికి వచ్చి, ఉత్త కాళ్ళతో తిరిగేవాళ్ళ పాదాలను కొలిచి 2009లో ప్రచురించారు. ఆ పాదాలు వెడల్పుగా ఉన్నాయి, నడకలో ఒత్తిడి పాదమంతా సమానంగా పరుచుకుంది. పాదం బూటు ఆకారంలోకి మారిపోతుందన్న దానికి అదో సాక్ష్యం.

అలాగని మనిషి పాదరక్షలు లేకుండా బతికాడనుకోకండి. మా ఓరెగన్‌లోనే ఫోర్ట్ రాక్ గుహలో చెట్టు బెరడుతో అల్లిన చెప్పులు దొరికాయి, వాటి వయసు 9 వేల ఏళ్ళ పైమాటే. యూజీన్ మ్యూజియంలో చూసినప్పుడు వాటి అల్లిక నైపుణ్యం ముందు చాలాసేపు నిలబడిపోయాను. రారామురి వాళ్ళ టైరు చెప్పులు చూస్తే మన పల్లెల్లో పొలం పనికి వేసుకునే టైరు చెప్పులే గుర్తొస్తాయి.

పరుగుబాట (హైదరాబాద్)

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. నిర్ణయం చెబుతాను. ఆగస్టు దాకా ఉన్న షూస్‌తోనే. అడుగుల వేగం పెంచాను, మెట్ల మీద నొప్పి కొంచెం తగ్గినట్టే ఉంది. ఫ్లైఓవర్లు దిగేటప్పుడు ఎలా ఉంటుందో చూడాలి. రేసయ్యాక తక్కువ డ్రాప్ వైపు వెళ్ళాలనుంది. ఎలా మొదలుపెట్టాలి? ఎంత డ్రాప్ దగ్గర ఆగాలి?

ఫిజియో గుంటూరు

లక్సెంబర్గ్‌లో 553 మంది రన్నర్లకు 10, 6, 0 డ్రాప్ షూస్ పంచి ఆరు నెలలు గమనించారు. మొత్తం మీద గాయాల్లో తేడా లేదు. విడదీసి చూస్తే, అప్పుడప్పుడు పరుగెత్తేవాళ్ళకు తక్కువ డ్రాప్‌లో గాయాలు తగ్గాయి, క్రమం తప్పకుండా పరుగెత్తేవాళ్ళకు పెరిగాయి. అదే బృందం తర్వాత 848 మందికి మెత్తటి, గట్టి సోల్ షూస్ ఇచ్చి చూస్తే గట్టి సోల్ వాళ్ళకే గాయాలు ఎక్కువ. అందుకే క్రమం తప్పకుండా పరుగెత్తే మీలాంటి వాళ్ళను సున్నా డ్రాప్‌కు మారమని చెప్పను. మీ ఇప్పటి షూ డ్రాప్ 10 అయితే, 6 దగ్గర కొన్ని నెలలు ఉండండి. అక్కడ హాయిగా ఉంటే అక్కడే ఉండిపోవచ్చు.

రేసయ్యాక రెండు వారాలు విశ్రాంతి. తర్వాత ఇంట్లో, ఆఫీసుకు వెళ్ళేటప్పుడు పల్చటి చెప్పులతో నడక. ఒంటి కాలి మీద పిక్క ఎత్తులు రెండు వైపులా 25 వరకు ఇబ్బంది లేకుండా రాగలిగితే, అప్పుడు కొత్త షూస్‌తో వారానికోసారి, మీ మామూలు పరుగు చివర్లో పది నిమిషాలు. పాత షూస్ పారెయ్యకండి, మార్చి మార్చి వాడండి. వేళ్ళ వెనకుండే మెటాటార్సల్ ఎముకల మీద వేలితో నొక్కితే ఒకేచోట చురుక్కుమంటే వెంటనే ఆపి చూపించుకోండి.

కోరుట్ల కుర్రాడు

అక్కా, చాలా థ్యాంక్స్. తడ అన్నా, మా బ్యాచ్ వాళ్ళు ఈవెంట్ కోసం తక్కువ ధరలో షూస్ కొందామనుకుంటున్నరు. బ్రాండ్ పేర్లు వద్దు, షాపులో ఏం చూసుకోవాలో చెప్పు చాలు.

తడ లాస్టింగ్ లైన్

తమ్ముడూ, సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పరుగుకు వేసుకునే సాక్సులే తీసుకెళ్ళండి. షూ లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. వేళ్ళు అంచు దాటి బయటికి వస్తే ఆ షూ మీది కాదు. రెండు పాదాలూ ఒకే సైజు ఉండవు, పెద్దదాన్ని బట్టి కొనండి. పొడవైన వేలు ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి.

తర్వాత షూను రెండు చేతులతో పట్టుకుని వంచండి. వేళ్ళు వంగే చోటే వంగాలి, నడిమధ్యలో మడత పడితే వద్దు. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి, మడమ నిటారుగా ఉండాలి. తక్కువ ధర వాటిలో అతుకు వంకర ఎక్కువగా వస్తుంది, రెండు షూస్ పక్కపక్కన పెడితే ఇట్టే తెలిసిపోతుంది. సోల్, పైభాగం కలిసే చోట గోరుతో మెల్లగా లాగి చూడండి, జిగురు సరిగా పట్టకపోతే అక్కడే విడుతుంది. బరువు చూడండి, ఒకే ధరలో రెండు ఉంటే తేలికైనది తీసుకోండి. వేసుకుని షాపు బయట కొంచెం దూరం పరుగెత్తనివ్వమని అడగండి. ఎక్కడైనా ఒరుసుకుంటే "వాడితే సర్దుకుంటుంది" అన్న మాట నమ్మకండి, ఇప్పటి సింథటిక్ గుడ్డ తోలులా సాగదు.